గాజుకీ స్ట్రైకర్‌కీ పరుగు పందెం

మీటరు పొడుగున్న చెక్క ఒకటి తీసుకుని, ఒక చివర కింద రెండు లావుపాటి పుస్తకాలు పెట్టండి. అమ్మనడిగి లోహపు గాజు ఒకటి తెచ్చుకోండి. క్యారమ్స్ డబ్బాలోంచి స్ట్రైకర్ తీయండి. రెండింటినీ పై చివర నిలువుగా పట్టుకుని ఒకేసారి వదలండి. నెట్టొద్దర్రా, ఊరికే వదలండి. ముందు ఏది కిందికి చేరుతుందో పందెం కాయండి. నేను మాత్రం స్ట్రైకర్ మీదే కాస్తాను.

అదే గెలుస్తుంది. అది మీటరు దాటేసరికి గాజు ఇంకా ముప్పాతిక మీటరు దగ్గరే దొర్లుతూ ఉంటుంది. పెద్ద గాజు పెట్టినా, చిన్న గాజు పెట్టినా, బరువైన కంకణం పెట్టినా ఇంతే. ఎందుకంటారా? వాలు మీద దిగే వస్తువుకి దక్కిన శక్తిలో కొంత ముందుకు సాగడానికి పోతుంది, కొంత గిర్రున తిరగడానికి పోతుంది. గాజు బరువంతా అంచునే ఉంది కాబట్టి సగానికి సగం తిరగడానికే సరిపోతుంది. స్ట్రైకర్ బరువు నడిమి నుంచి అంచుదాకా పరుచుకుని ఉంది కాబట్టి మూడో వంతుతో సరిపెట్టుకుంటుంది. మిగిలిందంతా పరుగుకే.

ఇప్పుడు కారు దగ్గరికి వద్దాం. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ విద్యుత్ పందెం కార్లు తిరిగాక మన కుర్రాళ్ళకి కారు పందేల పిచ్చి ఇంకాస్త ముదిరింది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో, కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వేకో సొంత స్విఫ్ట్, సొంత పోలో వేసుకుని పోయేవాళ్ళున్నారు. ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు ఫార్ములా భారత్ పోటీకి తామే కారు కట్టి తీసుకెళ్తారు. చదువో ఉద్యోగమో ఒకటి, పందెం సరదా ఇంకొకటి అయినవాళ్ళు వీళ్ళు. కారుకి ముందుగా మార్చాలనుకునేది చక్రాలనే. మంచిదే. కానీ ఆ చక్రాల గురించి చెప్పుకునే కబుర్లలో సగం గాలి కబుర్లు.

అన్నిటికన్నా పెద్దది ఇదీ: చక్రంలో ఒక కిలో తగ్గిస్తే కారులో పది కిలోలు తగ్గించినట్టేనట! లెక్క కట్టి చూద్దాం రండి. పదిహేను అంగుళాల రిమ్ముకి టైరు కూర్చునే అంచు ఇరుసు నుంచి 19 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. టైరుతో కలిపి చక్రం వ్యాసార్ధం 29 సెంటీమీటర్లు. 19ని 29తో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేస్తే సుమారు 0.43. తిరగడానికి పోయే వాటా ఇదీ. దాన్ని ముందుకు సాగే కిలోకి కలిపితే, రిమ్ము అంచులో తగ్గిన కిలో, వేగం పుంజుకునేటప్పుడు కారు ఒంట్లో తగ్గిన 1.43 కిలోలతో సమానం. పది ఎక్కడ, ఒకటిన్నర కూడా కానిది ఎక్కడ! ఇక పుల్లల్లోనూ నడిమి భాగంలోనూ తగ్గితే ఇంకా తక్కువ. రోడ్డుని తాకే టైరు తొక్కులో తగ్గిన కిలో మాత్రం దాదాపు రెండు కిలోల పని చేస్తుంది, ఎందుకంటే అది అన్నిటికన్నా బయట ఉంది. రిమ్ముల బరువు గ్రాములతో సహా కంఠతా పట్టినవాళ్ళు టైరుని తూకం వేయకుండానే కొనేయడం నాకు ఎప్పుడూ వింతే.

ఒక్కో రిమ్ములో రెండు కిలోలు తగ్గించారనుకోండి, నాలుగింటికీ ఎనిమిది. వేగం పుంజుకునే లెక్కలో పదకొండు, పదకొండున్నర కిలోల లాభం. మనిషితో కలిపి వెయ్యి కిలోల కారులో ఇది నూటికి ఒకటి చిల్లర. డ్రైవరుగారు కొన్నాళ్ళు పులిహోర రెండో వడ్డన వద్దంటే దాదాపు అంతే మిగులుతుంది, పైసా ఖర్చు లేకుండా.

మరి తేలిక చక్రం దండగా? కాదర్రా. అసలు లాభం ఇంకోచోట ఉంది. కారులో స్ప్రింగుల పైన కూర్చున్న బరువు ఒకటి, స్ప్రింగుల కింద వేలాడే బరువు ఒకటి. చక్రం, టైరు, బ్రేకు డిస్కు, హబ్బు ఈ రెండో జాతివి. పైన ఉన్న ఒళ్ళు గతుకు తగిలితే సెకనుకి ఒకటి రెండుసార్లు నింపాదిగా ఊగుతుంది. కింద ఉన్న చక్రం మాత్రం సెకనుకి పది పదిహేనుసార్లు దడదడలాడుతుంది. ఆ దడదడలో టైరు రోడ్డుని అదిమే బలం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అదుము తగ్గిన క్షణంలో పట్టు కూడా తగ్గుతుంది. మలుపులో ట్రాక్ అంచున రంగులేసిన దిమ్మె ఎక్కినప్పుడు, బరువైన చక్రం ఎగిరి, దిగిరావడానికి ఆలస్యం చేస్తుంది. తేలికదాన్ని షాక్ అబ్సార్బర్ చప్పున లొంగదీస్తుంది. గతుకులున్న ట్రాక్ మీద ఇదే అసలు లాభం. అద్దంలా నున్నని ట్రాక్ మీద అంత తేడా తెలియదు.

అందుకని ముందు సైజు తగ్గించండి. షోరూమ్ అందం కోసం పదిహేడు అంగుళాలకి పోయినవాళ్ళు తిరిగి పదిహేనుకి దిగితే చాలు, ఏ ఖరీదైన లోహమూ అక్కర్లేకుండానే బరువు దిగుతుంది. బ్రేకు కాలిపర్ లోపల ఇరుక్కోకుండా తిరిగే సైజుల్లో అతి చిన్నది ఏదో చూసుకోవడమే. ఫార్ములా భారత్ లాంటి పోటీల్లో పిల్లలు పది అంగుళాల చక్రాలు కూడా వాడతారు. నిబంధన ప్రకారం ఎనిమిది అంగుళాలకి తక్కువ పనికిరాదు.

తేలిక చక్రం కొత్త ముచ్చటేమీ కాదు. 1924లో ఫ్రాన్సులోని లియాన్ గ్రాండ్ ప్రీకి ఎట్టోరె బుగాటీ తన టైప్ 35 కార్లకి పోత అల్యూమినియం చక్రాలు తొడిగి తెచ్చాడు. ఎనిమిది బల్లపరుపు పుల్లలు, బ్రేకు డ్రమ్ము కూడా చక్రంతోనే కలిపి పోసిన ఒకే ముక్క. అప్పటికి పందెం కార్లకి ఎక్కువగా తీగ పుల్లల చక్రాలే ఉండేవి. ఆ రోజు టైర్ల తెగుళ్ళతో ఆయన కార్లు వెనకబడ్డాయి కానీ, ఆ కారు తరవాత గెలిచిన పందేలకి లెక్కే లేదు. అల్యూమినియం ఎంచుకోవడంలో ఒక ఇంగితం ఉంది. ఘన సెంటీమీటరు ఉక్కు 7.85 గ్రాములు తూగితే అల్యూమినియం 2.7, మెగ్నీషియం 1.74. అయితే అల్యూమినియం బిగువు ఉక్కులో మూడో వంతే. అందుకే దాన్ని దళసరిగా, వంపులు తిప్పి పోస్తారు. దళసరి పెరిగితే వంగకుండా నిలిచే శక్తి దానికన్నా చాలా వేగంగా పెరుగుతుంది. బరువు తక్కువ కాబట్టి దళసరి చేసుకునే వీలు దొరికింది.

బజారులో అలాయ్ వీల్ అంటే అన్నీ ఒకటి కావు. మామూలువి పోతవి: కరిగిన లోహాన్ని అచ్చులో పోసి చల్లారుస్తారు. చల్లారేటప్పుడు లోపల కంటికి కనబడని బుడగలు మిగులుతాయి. వాటికి పూచీగా లోహాన్ని ఎక్కువ వెయ్యాలి, అందుకే బరువు. ఇంకో రకం, ముందు పోత పోసి, తరవాత వేడిగా ఉన్నప్పుడే దాన్ని గిరగిర తిప్పుతూ, కుమ్మరి సారె మీద కుండ గోడని లాగినట్టు, రోలర్లతో రిమ్ము గోడని నొక్కి సాగదీస్తారు. గోడ పలచబడుతుంది, లోహం గట్టిపడుతుంది. దీన్ని ఫ్లో ఫార్మింగ్ అంటారు. డబ్బుకి తగిన విలువ కావాలంటే నా ఓటు దీనికే. మూడోది ఫోర్జింగ్, వేల టన్నుల బలంతో లోహపు దిమ్మెని నొక్కి చేసేది. బుడగలుండవు, లోహపు రేణువులు ఆకారం వెంటే సాగి ఉంటాయి. జపాన్‌లోని రేస్ (RAYS) అనే కంపెనీ చేసిన టీఈ37 అనే చక్రం ఈ జాతిదే, 1996లో వచ్చింది. పదిహేను అంగుళాల, ఆరు అంగుళాల వెడల్పు చక్రం 3.7 కిలోలు తూగింది, పేరులో 37 అందుకే. ఖరీదు చూస్తే కళ్ళు తిరుగుతాయి. కానీ ఫోర్జింగ్ చక్రానికి ఒక మంచి గుణం ఉంది: దెబ్బ తగిలితే సాధారణంగా ముందు వంగుతుంది. నాసిరకం పోతది పెళుక్కున విరుగుతుంది. వంగినదైతే ఊగిసలాడి తన సంగతి తానే చెప్పుకుంటుంది.

అదే రూపంలో, నాలుగో వంతు ధరకి, నకళ్ళు కూడా దొరుకుతాయి. చూడ్డానికి కవలలే. తూకం వేస్తే రెండు మూడు కిలోలు ఎక్కువ ఉండొచ్చు. తక్కువ ఉంటే ఇంకా భయం. చక్రం వెనక ఎంత బరువు మోయగలదో అంకె ఉంటుంది, వెతకండి. జపాన్ ప్రమాణం ప్రకారం చేశామని చెప్పే జేడబ్ల్యూఎల్ ముద్ర తయారీదారు తనకు తానే వేసుకునేది. దాని పక్కన వీఐఏ ముద్ర కూడా ఉంటే బయటివాళ్ళు పరీక్ష చేశారని అర్థం. ఏ అంకే లేని చక్రం ఎంత తేలికైనా అక్కడే దింపేసి రండి.

ఇంతకీ పరీక్ష అంటే ఏమిటి? దీనికి రైలు కథ చెప్పాలి. 1842 మే నెలలో ఫ్రాన్సులో వెర్సాయ్ నుంచి పారిస్ వెళ్తున్న రైలు ఇంజను ఇరుసు పుటుక్కున విరిగి, పెట్టెలు తగలబడి యాభై మందికి పైగా పోయారు. నిన్నటిదాకా మోసిన ఇరుసు ఇవాళ ఎందుకు విరిగింది? జర్మనీ రైల్వేలో పనిచేసిన ఆగస్ట్ వోలర్ అనే ఇంజనీరు దీని వెంట ఏళ్ళ తరబడి పడ్డాడు. ఇరుసుల్ని బరువుతో వంచుతూ తిప్పి తిప్పి, ఎన్ని చుట్లకి విరుగుతుందో రాసి పెట్టాడు. ఒక్క దెబ్బకి విరగని లోహం చిన్న బరువుని లక్షలసార్లు మోస్తే విరుగుతుందని ఆయన పట్టికలు తేల్చాయి. లోహపు అలసట అన్నమాట. ఇనప తీగని అటూ ఇటూ వంచి తెంపని మనిషి మనలో ఎవరున్నారు? ఉక్కులో అయితే, ఒత్తిడి ఒక హద్దు దాటకపోతే, ఎన్ని చుట్లయినా దాదాపు నిశ్చింత. అల్యూమినియానికి ఆ హద్దు లేదర్రా. ఎంత చిన్న ఒత్తిడైనా దాని ఆయుష్షులోంచి కొంత కోసుకుపోతుంది. ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకుంటే తరవాత నేను చెప్పే జాగ్రత్తలన్నీ మీకే తోస్తాయి.

ఇవాళ చక్రాల కంపెనీలు చేసే ముఖ్య పరీక్ష వోలర్ చేసిందే: చక్రాన్ని బిగించి, వంచే బలం వేస్తూ తిప్పడం. ఆ బలం ఎంతో లెక్క కట్టేటప్పుడు టైరుకీ రోడ్డుకీ మధ్య పట్టు 0.7 అనుకుంటారు. మామూలు రోడ్డు కారుకి అది చాలు. మీరు పందేనికి తొడిగే మెత్తని జిగురు టైర్ల పట్టు ఒకటి దాటుతుంది. అంటే చక్రం మీద పడే వంపు పరీక్ష లెక్కలో అనుకున్నదానికన్నా ఎక్కువ. పైగా మలుపులో బయటి వైపు ముందు చక్రం మీదికి కారు బరువులో సగం దాకా ఒరుగుతుంది. నిలబడి ఉన్నప్పుడు ఒక్కో ముందు చక్రానికి మూడు వందల కిలోలే కదా అని మూడు వందల యాభై రాసి ఉన్న చక్రం కొనకూడదు. అయిదు వందలు దాటినది చూడండి.

ఇక బిగింపు. స్విఫ్ట్‌కి నాలుగు బోల్టులు, వంద మిల్లీమీటర్ల వృత్తం, నడిమి కన్నం 54.1. మాజ్దా మియాటా స్పోర్ట్స్ కార్లలో చాలావాటికీ ఇవే కొలతలు, అందుకే విదేశాల్లో మియాటా పందేలకి చేసిన తేలిక చక్రాలు మన స్విఫ్ట్‌కి కూర్చుంటాయని కుర్రాళ్ళు సంబరపడతారు. కూర్చుంటాయి కూడా. కానీ నట్లు చూసుకోవాలి. సుజుకీ బోల్టు మర 1.25, మాజ్దాదీ హోండాదీ 1.5. తప్పు నట్టు చేత్తో రెండు చుట్లు ఎక్కి ఆగిపోతుంది. చేత్తో తిప్పినవాడికి తెలుస్తుంది. గాలి గన్ పెట్టి ‘గర్ర్’మని తోసినవాడికి తెలియదు, మరలు చిత్తవుతాయి. అలాగే నట్టు మొదలు ఆకారం: హోండా కంపెనీ చక్రాలకి గుండ్రటి మొదలు, బయట కొనే చక్రాలకి ఎక్కువగా శంఖాకారం. ఒకదాంట్లో ఒకటి పెడితే సన్నని గీత మీద మాత్రమే ఆనుతుంది. రెండు ల్యాపులకి వదులైపోతుంది.

చక్రాన్ని మోసేది బోల్టులని అనుకుంటారు అందరూ. నిజానికి బోల్టు సాగి, రబ్బరు బ్యాండులాగా కాకపోయినా అదే సూత్రంతో, చక్రాన్ని హబ్బుకి అదిమి పట్టుకుంటుంది. ఆ రెండు ముఖాల రాపిడే కారుని మోస్తుంది. మనం పానా మీద పెట్టే బలంలో పదింట తొమ్మిది వంతులు నట్టు కింద, మరల్లో రాపిడికే పోతాయి. ఒక వంతే బోల్టుని సాగదీస్తుంది. ఇప్పుడు మరలకి కాస్త నూనె రాశారనుకోండి, రాపిడి తగ్గి, అదే టార్క్‌కి బోల్టు మోయలేనంత సాగుతుంది. అందుకే మాన్యువల్లో రాయమని ఉంటే తప్ప నూనె వద్దు. చిన్న కార్లకి సుమారు 85 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ కారుకి ఎంతో మాన్యువల్లో చూసి, టార్క్ రెంచితో, ఎదురెదురుగా, రెండు విడతల్లో బిగించండి. ట్రాక్ మీద మొదటిసారి తిరిగి వచ్చి, చక్రం చల్లారాక, బిగింపు మళ్ళీ చూడండి. కొత్త చక్రం హబ్బుని తాకే ముఖం మీదా, నట్టు కూర్చునే గుంటలోనూ దళసరి పెయింటు ఉంటే గీకేయండి. ఆ పెయింటు అణిగినకొద్దీ బిగువు జారిపోతుంది. నడిమి కన్నం పెద్దదైతే వేసే రింగు ప్లాస్టిక్‌ది కాకుండా అల్యూమినియంది తీసుకోండి. బ్రేకు వేడికి ప్లాస్టిక్ కరుగుతుంది.

పోషణలో మొదటి పని కడగడం. బ్రేకు పొడి ఇనప రజను, వేడిగా వచ్చి పూతలో దిగబడుతుంది. సబ్బు నీళ్ళు చాలు, అదీ చక్రం చల్లారాకే. కాస్టిక్ సోడా కలిసినవి, ఘాటు యాసిడ్లు దగ్గరికి రానీయొద్దు, అల్యూమినియాన్ని తినేస్తాయి. కడగడం పేరుకే, అసలు పని చూడటం. చక్రాన్ని విప్పి, వెనక వైపు తిప్పి, పుల్ల మొదళ్ళు, నట్టు గుంటల చుట్టూ, లోపలి అంచు వేలితో తడుముతూ వెతకండి. చీలిక అక్కడే మొదలవుతుంది. చక్రాల వెనక నల్ల రంగు వేయించకండి, తెలుపో వెండి రంగో అయితే సన్నని గీత కూడా కనబడుతుంది. రాత్రి నింపిన గాలి పొద్దుటికి తగ్గిందా? టైరులో మేకు లేకపోతే రిమ్ముని అనుమానించండి. బ్యాలెన్సింగ్ మిషన్ మీద లోపలి అంచు ఊగితే వంగినట్టే.

అనుమానం గట్టిగా ఉంటే ఎర్ర రంగు పరీక్ష చేయండి. మూడు స్ప్రే డబ్బాల సెట్టు పారిశ్రామిక సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. పెయింటు తీసిన చోట శుభ్రం చేసి, ఎర్ర ద్రవం కొట్టి, డబ్బా మీద చెప్పినంతసేపు ఆగి, పైపైన తుడిచేసి, తెల్ల పొడి స్ప్రే చేస్తారు. చీలికలో దూరిన ఎరుపు పైకి ఊరి తెలుపు మీద గీతలా తేలుతుంది. దీని తాత రైల్వే వర్క్‌షాపుల్లో ఉండేవాడు: కిరోసిన్ కలిపిన నూనె పూసి తుడిచి, సుద్ద పూత వేసి, నూనె మరక ఎక్కడ తేలుతుందో చూసేవారు. స్టేషన్లో ఆగిన రైలు చక్రాల మీద సుత్తితో టంగు టంగున కొట్టుకుంటూ పోయే మనిషిని చూసిన వయసు నాది. మంచి చక్రం మోగుతుంది, పగిలినది మొద్దుగా పలుకుతుంది. మీ రిమ్ముని కూడా టైరు తీసి, తాడుకి వేలాడదీసి, కర్రతో తట్టి వినొచ్చు. కాకపోతే అది పెద్ద చీలికలకే, సన్నవాటికి ఎర్ర రంగే దిక్కు.

వంగిన రిమ్ముని గ్యాస్ మంట పెట్టి, జాకీతో నొక్కి, ‘కొత్తదాన్లా చేశాం సార్’ అనే కొట్లు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. ఆఫీసుకి పోయే కారుకి ఏమోగానీ పందెం కారుకి వద్దే వద్దు. ఈ అలాయ్‌ని ఫ్యాక్టరీలో సుమారు 540 డిగ్రీల దాకా కాచి, నీళ్ళలో ముంచి, తరవాత 150 డిగ్రీల ప్రాంతంలో గంటల తరబడి ఉంచి బలం తెప్పిస్తారు. మంట ఆ బలాన్నంతా అక్కడికక్కడ కరిగించేస్తుంది. ఆకారం తిరిగి వస్తుంది, బలం రాదు. వెల్డింగ్ కూడా అదే జాతి. పౌడర్ కోటింగ్ పొయ్యి వేడి కూడా ఎక్కువసేపు ఉంటే ఇబ్బందే, వేయించేముందు చక్రం కంపెనీ ఎంత వేడి దాకా ఒప్పుకుంటుందో కనుక్కోండి.

మెగ్నీషియం చక్రాల సంగతి రెండు ముక్కల్లో. ఇంకా తేలిక, నిజమే. కానీ తేమకి తుప్పు పడుతుంది, ఉక్కు బోల్టు తగిలిన చోట మరీ వేగంగా, పూత గీసుకుపోతే ఇక చెప్పక్కర్లేదు. మంటంటుకుంటే నీళ్ళు పోసినకొద్దీ రేగుతుంది. 1955లో లె మాన్స్ కారు పందెపు ప్రమాదంలో కాలిన మెర్సిడెస్ ఒళ్ళు మెగ్నీషియం అలాయ్‌దే. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో ఉండేవాళ్ళు, వారాంతపు సరదా కోసం పరుగెత్తేవాళ్ళు దాని జోలికి పోకపోవడమే మేలు.

చక్రాలన్నిటికీ వెనక నంబర్లు వేసి, ఒక చిన్న నోటు పుస్తకంలో ఎప్పుడు కొన్నదీ, ఏ ట్రాక్ మీద ఎన్నిసార్లు తిరిగిందీ, ఏ దిమ్మె కొట్టిందీ రాసుకోండి. గట్టి దెబ్బ తిన్న చక్రాన్ని, పైకి బాగున్నా, ఎర్ర రంగు పరీక్ష కాకుండా ఎక్కించొద్దు. చీలిక కనబడినదాన్ని అమ్మకండి, ఇంకొకడు తొడుగుతాడు. కోసి పాతసామాన్లవాడికి వేసేయండి. ఇక కొనడానికి బయల్దేరేవాళ్ళకి నా మాట ఒకటే: టార్క్ రెంచికీ, ఎర్ర రంగు డబ్బాలకీ, స్పేర్ నట్లకీ కావలసిన డబ్బు ముందు తీసి పక్కన పెట్టండి. మిగిలినదాంతో ఎంత మంచి చక్రం వస్తే అంతే కొనండి.